బుడ్డోడు ముందు వెళ్లిపోయాడు

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు,
సోమవారం పొద్దున.

మరదలికి,

చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. లేకపోతే ఇక్కడ అందరం కులాసా అంటూ కాగితం నింపేసి, అసలు సంగతి రాయకుండానే కవరు అంటించేస్తాను. మన బుడ్డోడు పోయాడు. మొన్న శనివారం సాయంత్రం. గుండె.

ఏదో స్కూలు వార్షికోత్సవమట. వాడి దగ్గర అకార్డియన్ నేర్చుకుంటున్నవాళ్లంతా వాయించాక, చివర్లో తనొక్కడే ఒక ట్యూన్ వాయించాడట. స్టేజీ పక్క మెట్లు దిగుతూ దిగుతూ కూర్చుండిపోయాడట. అకార్డియన్ పెట్టె పట్టీ ఒక భుజం నుంచి తీశాడు, రెండోది తీయలేదు. అలసిపోయాడనుకుని హెడ్మిస్ట్రెస్ గారు ఎవరినీ అటు పోనివ్వలేదట, మాస్టారిని కాసేపు వదిలేయమని. అప్పటికే అయిపోయింది.

మన ఆర్కెస్ట్రా ప్రోగ్రాములకి మైకులు అద్దెకిచ్చే మైక్‌సెట్టాయన వచ్చి చెప్పాడు. ఇప్పటికీ అదే స్కూటరు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి "మీ పొడుగాయన" అని ఆగిపోయాడు. నిన్న వెళ్లి చూసొచ్చాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మలుపు మలుపుకీ ఆగాల్సి వచ్చింది. ఏడుపు అడ్డం పడి ఊపిరి అందలేదనుకుంటాను.

వాడి పాదాలు మంచం దాటి బయటికే ఉన్నాయి. బతికినన్నాళ్లూ వాడికి ఏ మంచమూ సరిపోలేదు కదా. ప్రోగ్రాము నుంచి తిరిగొచ్చేటప్పుడు వ్యాన్ కిటికీలోంచి కాళ్లు బయటపెట్టి నిద్రపోయేవాడు, చెక్‌పోస్టు వాళ్లు శవాన్ని తీసుకెళ్తున్నామేమోనని ఆపేవాళ్లు. అది గుర్తొచ్చి అంతమంది మధ్య నాకు నవ్వొచ్చింది. దగ్గు నటిస్తూ వరండాలోకి వెళ్లిపోయాను. అక్కడ ఏడ్చాను.

వాళ్లావిడ నీకు గుర్తుండే ఉంటుంది, మొక్కల నర్సరీ నడుపుతుంది. వానలు తగ్గాక వాడి పేరు మీద ఒక సాయంత్రం పాటలు పెట్టిస్తుందట. పాత ఆర్కెస్ట్రా వాళ్లు రావాలని అడిగింది. వయొలిన్ మాస్టారు పోయి చాలా కాలమైంది. గిటారాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. పాటకి నువ్వూ, డ్రమ్స్‌కి నేనూ మిగిలాం. ఇద్దరం వస్తామని నిన్ను అడక్కుండానే మాటిచ్చేశాను. తిట్టుకుంటే తిట్టుకో.

వాడు నాకంటే అయిదేళ్లు చిన్న. ఆ లెక్క మనసులోంచి పోవడం లేదు.

జవాబు ఇంటికి కాదు, ఆఫీసుకే రాయి. మీ అక్క పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది, ఈ ఏడుపులు ఇంట్లో ఎందుకు.

నీ బావ.



రైల్వే స్టేషన్, అనౌన్స్‌మెంట్ గది.

బావా,

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా అందింది. నీ దస్తూరి చూసి ఏదో శుభవార్త అయ్యుంటుందని నవ్వుకుంటూ కవరు చింపాను. 'మన బుడ్డోడు పోయాడు' అన్నచోట ఉండగా ప్యాసింజర్ బండి వచ్చే వేళయింది. మైకు నొక్కి బండి పేరు చెప్పాను గానీ ప్లాట్‌ఫారం నంబరు దగ్గర ఆగిపోయాను. జనం సామాన్లతో అటూ ఇటూ పరిగెత్తారు. స్టేషన్ మాస్టర్ గారు విసురుగా వచ్చి, నా మొహం చూసి, తనే మైకు అందుకున్నారు. ఆయన గొంతు నూనె లేని తలుపులా ఉంటుంది. ఆ పూట అదే చల్లగా అనిపించింది.

వాడు మనతో చేరినప్పుడు అకార్డియన్ వెనక రెండు కళ్లు తప్ప మనిషి కనిపించేవాడు కాదు. అందుకే గదా బుడ్డోడన్నాం. రెండేళ్లు తిరిగేసరికి ఆరడుగులు దాటాడు, కోటు చేతులు మోచేతుల దాకా పాకాయి, పేరు మాత్రం పెరగలేదు. నాకు జలుబు చేసిన రోజున శ్రుతి కొంచెం కిందికి దించి వాయించేవాడు, తెలుసా? నాకు చెప్పేవాడు కాదు. పాటయ్యాక "ఇవాళ భలే పాడావక్కా" అనేవాడు. నేనేమో జలుబులో కూడా బాగా పాడతానని చాన్నాళ్లు పొంగిపోయాను.

నగరంలో హోటల్లో రోజూ వాయించే ఉద్యోగం దొరికినప్పుడు నన్నూ రమ్మన్నాడు. నేను అప్పుడే రైల్వే పరీక్ష రాసి ఉన్నాను. రాలేనన్నాను. వాడేమీ అనుకోలేదు. ఎప్పుడు కనిపించినా "మా అక్క పెద్ద స్టేజీ మీద పాడుతోంది, శ్రోతలు వేలల్లో" అని అందరికీ చెప్పేవాడు.

పాటంటావా, నా వల్ల కాదు. ఇరవయ్యేళ్లుగా నేను రైళ్లు తప్ప ఏమీ పాడలేదు. పైస్థాయి పోయింది. ఒళ్లంతా ఉన్నట్టుండి సెగలు పుడతాయి, మోకాలు వంగదు, కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాను. గూడ్సు బండి గార్డుగా ఊళ్లు తిరిగొచ్చే మీ తోడల్లుడు, ఉన్న రెండ్రోజులూ నా కళ్లజోడు వెతకడానికే సరిపోతున్నారు. పైగా మా స్టేషన్‌కి అనౌన్స్‌మెంట్ మెషిను వస్తోందట. రైళ్లకే నా గొంతు అక్కర్లేని రోజుల్లో స్టేజీ ఎక్కమంటావా?

సరే, అసలు సంగతి. మూడంతస్తులకి నీకు ఊపిరి అందకపోవడమేంటి? ఉత్తరం ఆఫీసుకే రాయమనడమేంటి? అక్క పేపర్లు దిద్దడం ఈ ఏడాదే మొదలెట్టిందా?

మరదలు.



డ్రైవింగ్ స్కూలు ఆఫీసు.
బయట వాన, క్లాసులు లేవు.

మరదలా,

నువ్వు రైల్వేలో కాదు, పోలీసుల్లో చేరాల్సింది. యాభై మూడేళ్ల మనిషి, పొద్దస్తమానం కారులో కూర్చునేవాడు, మెట్లెక్కితే ఆయాసం రాక చక్కిలిగింతలు వస్తాయా?

మైక్‌సెట్టాయన గోడౌన్లోంచి పాత డ్రమ్స్ తెప్పించాను. తోళ్లు మార్పించి, ఆఫీసు వెనక కారు షెడ్డులో బిగించాను. మొదటిరోజు కూర్చుంటే కాలు పెడల్ మీదికి తనంతట తనే వెళ్లింది. చేతులే మొరాయించాయి. ఎడమ చెయ్యి భుజం నుంచి చిటికెన వేలు దాకా లాగుతోంది. ఇన్నేళ్ల తుప్పు వదలాలి కదా. షెడ్డులో నన్ను చూసి మా దర్జీ ఆవిడ అంది, "గురువుగారూ, బ్రేకు తొక్కినట్టే తొక్కుతున్నారు" అని. ఈవిడ నా కొత్త స్టూడెంటు. ముప్ఫయ్యేళ్లు బట్టలు కుట్టి, దుకాణం కోడలికి అప్పగించి, ఇప్పుడు కారు నేర్చుకుంటానని వచ్చింది. సందుల్లో చక్కగా తోలుతుంది. మెయిన్ రోడ్డు మలుపు కనిపించగానే స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. నా వైపు ఇంకో బ్రేకు ఉండబట్టి ఇద్దరం బతికున్నాం.

ఇన్నాళ్లూ చావంటే పెద్దవాళ్ల వ్యవహారమనే నడిపించేశాను. కారు తోలేటప్పుడు ముందు ఒక బస్సు పోతుంటే మనకి ఎదురుగా ఏముందో కనిపించదు. ఆ బస్సు వెనకే నిశ్చింతగా పోతుంటాం. నాన్న ఉన్నన్నాళ్లూ, వయొలిన్ మాస్టారు ఉన్నన్నాళ్లూ అలాగే పోయాను. వాళ్లు తప్పుకున్నాక కూడా ఎందుకో రోడ్డు చూడలేదు. ఇప్పుడు వెనకవాడు ఓవర్‌టేక్ చేసి వెళ్లిపోయాక చూస్తున్నాను.

మొన్న మళ్లీ బుడ్డోడి ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ ఒక మాట చెప్పింది, నాకు ఒళ్లు మండిపోయింది. వెధవకి ఆర్నెల్లుగా ఛాతీలో నొప్పి వస్తోందట. పెట్టె బరువనేవాడట. వార్షికోత్సవం అయ్యాక చూపించుకుంటానన్నాడట. ఇంత ఇల్లూ, ఇంతమంది శిష్యులూ ఉండి, ఒక్కరికి నోరు తెరిచి చెప్పడానికేం? మొగుడికి ఏం జరుగుతోందో తెలియకుండా ఆవిడ రోజూ మొక్కలకి నీళ్లు పోసుకుంటూ ఉండిపోయింది. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ని.

నువ్వు పాడుతున్నావు. వాదన అనవసరం. మన వాన పాట ఒక్కటి చాలు.

బావ.



స్టేషన్, మధ్యాహ్నం. బండ్లు లేని వేళ.

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుడ్డోడి మీద నీ కోపం చూసి మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి చదివితే రాలేదు. చెయ్యి లాగుతోందని ఒక పేరాలో రాసి, చెప్పకుండా పోయాడని వాణ్ని ఇంకో పేరాలో తిట్టావు. రాసింది ఒకే చెయ్యి. నీకు అనిపించలేదా?

నిన్న నా పరువు పోయింది, ముందు అది విను. ఎటూ పాడనన్నాను కదా, అసలు గొంతులో ఏమైనా మిగిలిందా చూద్దామని, గది తలుపు వేసుకుని వాన పాట మొదలుపెట్టాను. పల్లవి అయింది. చరణంలోకి వెళ్లాను. అక్కడ గొంతు చీలింది, దగ్గాను, మళ్లీ అందుకున్నాను. అప్పుడు చూశాను, మైకు స్విచ్చి వేసే ఉంది. నాలుగు ప్లాట్‌ఫారాలూ విన్నాయి. దగ్గుతో సహా.

తల దించుకుని బయటికొస్తే పోర్టర్లు బెంచీల మీద కూర్చుని చూస్తున్నారు. ఒకాయన వచ్చి, "మిగతాది రేపా అమ్మా?" అని అడిగాడు. వేళాకోళం చేస్తున్నాడేమోనని మొహం చూశాను. అలా లేదు. స్టేషన్ మాస్టర్ గారు సంజాయిషీ రాసివ్వమన్నారు. ఏం రాయాలని అడిగితే "గొంతు సవరించుకున్నానని రాయండి, నిజమే కదా" అన్నారు.

అంటే పాడతాను బావా. బాగా పాడతానని కాదు, పాడతాను. కానీ ఒక షరతు. ఈ వారంలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లు. పరీక్షలన్నీ చేయించుకో. ఏమన్నారో నాకు రాయి. లేదంటే అక్కకి నేనే చెబుతాను. నీకూ అక్కకీ మధ్య ఎప్పుడూ దూరలేదు, నీకు తెలుసు. పెళ్లికి ముందు నాకు తోడుగా వచ్చి, ముందు వరసలో కూర్చుని, నీ డ్రమ్స్ మోతలో లెక్కలు చేసుకున్న మనిషి. ఆవిడకి లెక్క తప్పితే తట్టుకోలేదు.

మరదలు.



డ్రైవింగ్ స్కూలు ఆఫీసు.

మరదలా,

వెళ్లాను. అంతా బాగానే ఉందన్నారు. గ్యాస్‌ట. కారం తగ్గించమన్నారు. మీ అక్కకి చెప్పాల్సిన పనేం లేదు.

ప్రోగ్రాము వచ్చే నెల మొదటి ఆదివారం. బుడ్డోడి శిష్యులు అకార్డియన్లు వాయిస్తారట. రిహార్సల్‌కి ఒకరోజు ముందు రా. క్లాసు టైమైంది, ఉంటాను.

బావ.



స్టేషన్.

బావగారికి,

నమస్కారం. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లలేదని అక్క చెప్పింది. ఆస్పత్రివాళ్లు ఇంతకుముందు ఎక్కడ చూపించారని అడిగితే, మీరు కళ్లు మూసుకున్నారట. దాంతో ఆవిడకి అర్థమైపోయింది.

అక్క స్టేషన్‌కి ఫోన్ చేసినప్పుడు ఏడవలేదు. మీ బావ కారులో పడిపోయాడు, దర్జీ ఆవిడ సమయానికి తీసుకొచ్చింది, గుండె నాళాలు పూడుకుపోయాయి, రేపు ఆపరేషన్, అని పాఠం చెప్పినట్టు వరసగా చెప్పింది. చివర్లో ఒక్క మాట అడిగింది. "నీకు తెలుసా?" అని. తెలుసని చెప్పాను. ఎక్కువ తెలీదు గానీ కొంచెం తెలుసన్నాను. తర్వాత "సరే, భోంచెయ్యి" అని పెట్టేసింది.

నేను వచ్చాను. మీకు తెలీదు. ఆపరేషన్ అయిన మర్నాడు అద్దాల గది బయట నిలబడి చూశాను. మీరు నిద్రలో ఉన్నారు, ముక్కుకి గొట్టం, గడ్డం మాసి ఉంది. మన వ్యాన్లో కబుర్లు చెప్పి ఎవరినీ పడుకోనివ్వని మనిషి అలా నోరు మూసుకుని ఉంటే చూడలేకపోయాను. అక్క నన్ను పట్టుకుని కూడా ఏడవలేదు. నా జడ విప్పి, చిన్నప్పట్లా మళ్లీ అల్లింది. ఆస్పత్రి బెంచీ మీద, అందరూ చూస్తుండగా. మా ఇద్దరి జుట్టూ కలిపినా ఇప్పుడు ఒక జడకి సరిపోదు.

మీరు ప్రోగ్రాముకి రావద్దు. నేను వెళ్లి పాడతాను. షరతు మీరు తప్పారు కాబట్టి నేనూ తప్పొచ్చు. కానీ నేను మాటిచ్చింది ఇప్పుడు మీకు కాదు, బుడ్డోడికి.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు, మీ మరదలు.



ఇల్లు. ముందుగది, కిటికీ పక్క మంచం.

మరదలా,

నన్ను మీరన్నావు. ఆస్పత్రిలో సూదులు ఎన్ని గుచ్చారో నాకు లెక్కలేదు, ఈ ఒక్కటీ మాత్రం బాగా దిగింది. ఉత్తరం మీ అక్క చేతికిచ్చాను, చదివి మడిచి నా దిండు కింద పెట్టింది. "ఉంచుకోండి, మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు" అంది.

ఉన్నదున్నట్టు రాస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లిన మాట నిజం, గుమ్మం దాకా. లోపల బెంచీల మీద అందరూ నా ఈడువాళ్లే కూర్చుని ఉన్నారు, ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని. వాళ్ల పక్కన ఒక జాగా ఖాళీగా ఉంది. అందులో కూర్చుంటే నేనూ ఆ బెంచీ మనిషినే అయిపోతాననిపించింది. చెప్పులు వేసుకుని వచ్చేశాను. బుడ్డోడు ఎందుకు చెప్పలేదో ఆ గుమ్మంలో నాకు అర్థమైంది. అయినా నేనూ చెప్పలేదు. భయమేస్తే మనిషికి బుద్ధి పనిచేయదు.

ఆ రోజు పొద్దున దర్జీ ఆవిడకి క్లాసు. సందు చివర మలుపు దగ్గర ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది. చెమటలు పట్టేశాయి. "కారు ఆపండమ్మా" అన్నాను. ఆవిడ ఆపి, నా మొహం చూసింది. ఎవరినైనా పిలుస్తుందనుకున్నాను. గేరు వేసి మెయిన్ రోడ్డు ఎక్కేసింది. లారీల మధ్య నుంచి పోతోంది. నేను అలవాటు కొద్దీ నా వైపు బ్రేకు మీద కాలు పెట్టాను. "కాలు తియ్యండి గురువుగారూ" అంది. గట్టిగా కూడా అనలేదు, కొలతలు తీసుకునేటప్పుడు చెయ్యి ఎత్తమన్నట్టు అంది. కాలు తీసేశాను. మరదలా, ఇరవయ్యేళ్లలో పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద నుంచి కాలు తీయడం అదే మొదటిసారి. ఇంక నా చేతిలో ఏమీ లేదు. నమ్ముతావో లేదో, ఆ క్షణాన భయం కాస్త తగ్గింది.

ఆస్పత్రి ముందు కారు నిలిపాక ఆవిడ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చిందట. ఇవాళ చూడ్డానికి వచ్చి, లైసెన్సు పరీక్ష ఎప్పుడు పెడతారని అడిగింది. మీకు పరీక్షేంటమ్మా అంటే, లైసెన్సు ఆఫీసువాళ్లకి ఆ మాట చెప్పి సంతకం చేయించుకురమ్మంది.

మీ అక్క నాతో పోట్లాడలేదు. అదే భరించలేకపోతున్నాను. మందులు వేళకి ఇస్తుంది, దుప్పటి సరిచేస్తుంది. నిన్న పొద్దున మాత్రం గిన్నె కింద పెట్టి అడిగింది. "మీకు ఏమైనా అయితే నాకు అంతా అయిపోయాక తెలియాలా? బుడ్డోడి భార్యకి తెలిసినట్టు? మెట్ల మీద?" భయపెట్టడం ఇష్టంలేక చెప్పలేదన్నాను. "నన్ను భయపడనివ్వండి" అంది. "ముప్ఫయ్యేళ్ల కాపురంలో అంతమాత్రం హక్కు లేదా నాకు?"

వెళ్లి పాడు. నా తరఫున కూడా పాడు. మళ్లీ నువ్వు అను.

బావ.



బుడ్డోడి ఇల్లు, మూడో అంతస్తు.
సోమవారం, బండికి ఇంకా టైముంది.

బావా,

నువ్వు. చాలా?

రాత్రి ఇక్కడే ఉండిపోయాను. వాళ్లావిడ నిద్రపోతోంది, చాలా రోజులకి పోతున్న నిద్రలా ఉంది, లేపడం లేదు. వరండా నిండా మొక్కలు. మధ్యలో కూర్చుని రాస్తున్నాను.

హాలు నిండింది. వాడి శిష్యుల్లో బ్యాంకు ఆయన ఉన్నాడు, పళ్ల డాక్టరు ఉంది, మనవరాళ్లున్న అమ్మమ్మ ఉంది. అందరూ అకార్డియన్లు తగిలించుకుని వరసగా కూర్చున్నారు. నేను మైకు ముందు నిలబడ్డాను. పాట మొదలయ్యే ముందు అన్ని పెట్టెలూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఇంకా స్వరం లేదు, గాలి లోపలికి వెళ్లే చప్పుడొక్కటే. హాలంతా ఊపిరి పీల్చుకున్నట్టుంది. మన రోజుల్లో ఆ చప్పుడు నా ఎడమ పక్క నుంచి వచ్చేది, ఒక్కటే. పాట కంటే నాకు అదే గుర్తుంది ఎప్పుడూ.

పల్లవి బాగానే వెళ్లింది. రెండో చరణంలో, స్టేషన్లో చీలిన చోటే మళ్లీ చీలింది. ఆగిపోయాను. ఏం చెయ్యాలో తోచలేదు. నోరు తనంతట తనే "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది, స్టేషన్ గొంతుతో. హాలంతా గొల్లుమంది. వాళ్లావిడ కూడా నవ్వింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, కింది స్థాయిలో అందుకున్నాను. డ్రమ్స్ లేవని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే వాళ్లందరి కాళ్లూ చెక్క స్టేజీ మీద తాళం వేస్తున్నాయి. కొందరు ముందూ కొందరు వెనకా. నువ్వుంటే మొహం చిట్లించేవాడివి.

అక్క వచ్చింది, దర్జీ ఆవిణ్ని నీకు కాపలా పెట్టి. ముందు వరసలో కూర్చుంది. చేతిలో ఈసారి పుస్తకం లేదు. ఆస్పత్రిలో ఏడవని మనిషి పాట మొదలైన దగ్గర్నుంచీ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇంటికి వచ్చాక నీకేం చెప్పిందో నాకు తెలీదు. చెప్పకపోతే నువ్వు అడగకు.

పొద్దున ఇక్కడ కూర్చుని బుడ్డోడి గురించి ఆలోచించాను. వాడు పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు. ఒక పేపర్లో కూడా రాలేదు. పళ్ల డాక్టరు చెప్పింది, వాడి దగ్గర చేరినప్పుడు ఆవిడకి మొగుడు పోయి నెల అయిందట, వేళ్లు కదిలేవి కాదట, నెలంతా వాడు ఏమీ నేర్పకుండా పెట్టె తెరిచి మూయడం మాత్రమే చేయించాడట. నాకు నలభై దాటిన దగ్గర్నుంచీ, అయిపోయింది, ఇంక చిన్న చిన్నవే మిగిలాయి అనుకుంటూ వచ్చాను. చిన్నవంటే ఏమిటో నాకు తెలీదని ఇప్పుడనిపిస్తోంది.

మా మెషినులోకి నా గొంతే కావాలన్నారు. వచ్చే వారం రికార్డింగు. అంకెలు విడిగా, ఊళ్లు విడిగా, "ఆలస్యంగా నడుస్తున్నది" విడిగా చదవాలట, మెషిను అతుక్కుంటుందట. నేను పోయాక కూడా బండ్లు ఆలస్యమని నేనే చెబుతుంటానన్నమాట. మీ తోడల్లుడికి చెబితే, "అయితే నాకు విశ్రాంతి లేదు" అన్నారు.

మాట్లాడకుండా పడుకో. లేచాక అక్కతో నడు.

నీ మరదలు.



ఇల్లు. పొద్దున, నడిచొచ్చాక.

మరదలా,

రోజూ నడిపిస్తోంది మీ అక్క. కొత్తలో గేటు దాకా, తర్వాత మందుల దుకాణం దాకా. ఇవాళ ఇంకాస్త ముందుకి, పార్కు వెనక వీధిలోకి వెళ్లాం. ఎత్తుగా ఉంటుంది ఆ వీధి, కారులో ఎప్పుడూ తెలియలేదు.

సగం ఎక్కేసరికి రొప్పు వచ్చింది. ఆవిడ ఏదో చెబుతోంది, స్కూల్లో ఎవరో బీజగణితానికి ఏడ్చారని. నేను ఊ కొడుతూనే ఇంకో నాలుగడుగులు వేశాను. తర్వాత ఆగి, "నాకు ఆయాసంగా ఉంది. కాసేపు కూర్చుందాం" అన్నాను. అంతే. ఆ ముక్క అనడానికి ఇంత జీవితం పట్టింది నాకు. ఆవిడ కంగారు పడలేదు. నా మణికట్టు పట్టుకుని చూసి, పక్కనే ఎవరిదో ఇంటి మెట్లుంటే, కొంగుతో దుమ్ము దులిపి, నన్ను కూర్చోబెట్టి తనూ కూర్చుంది. భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. వీధిలో అలా ఎప్పుడైనా కూర్చున్నామా మేము? నాకు గుర్తులేదు.

కొంచెంసేపటికి తలుపు తీసుకుని ఆ ఇంటావిడ బయటికొచ్చింది. పరాయివాళ్లు తన మెట్ల మీద కూర్చున్నందుకు ఏమంటుందో అనుకున్నాను. లోపలికి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఈ వీధిలో ఎప్పుడూ చూడలేదే, ఎక్కడుంటారు అని అడిగింది. మీ అక్క చెప్పింది. తను స్కూల్లో లెక్కలు చెబుతానని కూడా చెప్పింది.

"ఆయనేం చేస్తుంటారు?" అని అడిగింది ఆవిడ.

ఇరవయ్యేళ్లుగా ఈ ప్రశ్నకి మీ అక్క ఒకటే జవాబు చెబుతోంది, డ్రైవింగ్ స్కూలని. ఇవాళ నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"డ్రమ్స్ వాయిస్తారు" అంది. "ఈమధ్య ఒంట్లో బాగాలేదు. మళ్లీ మొదలుపెడతారు."

నేను నీళ్లు తాగాను. ఆయాసం తగ్గాక ఇద్దరం లేచి మిగతా ఎత్తు ఎక్కాం.

నీ బావ.